టెన్బీ బంగళాలో కుక్కకాటు

సిరియం రేవులో లాంచీ దిగి ఎర్రమట్టి రోడ్డు పట్టుకుని కాస్త పైకి నడిస్తే, ఎడమచేతివైపు గులాబీరంగు గోడల చిన్న బంగళా ఒకటి కనిపించేది. గేటుకి తగిలించిన చెక్కమీద ఇంగ్లీషులో 'టెన్బీ' అని రాసి ఉండేది. దాని కింద ఇంకో చిన్న చెక్క. దానిమీద ఒక కుక్క బొమ్మ, పక్కన 'కుక్కలతో రావచ్చు' అన్న మాట. రంగూన్‌లో ఉండే దొరలకి నాలుగు రోజులు సెలవు దొరికితే నది దాటి ఇక్కడికి వచ్చేవారు. పెద్ద హోటళ్ళలో కుక్కల్ని గడప తొక్కనివ్వరు. ఇక్కడ కుక్క సోఫా ఎక్కి పడుకున్నా అదిలించేవాళ్ళు లేరు.

ఆ బంగళా ప్రైస్ దొరసానిది. ఆమె భర్త సముద్రంలోంచి నదిలోకి ఓడలకి దారి చూపే పైలట్‌గా పనిచేసి, జ్వరమొచ్చి పోయాడు. ఇద్దరిదీ వేల్స్ దేశంలో సముద్రపు ఒడ్డునున్న టెన్బీ అనే పాత ఊరు. ఊరిచుట్టూ రాతి కోటగోడ, గోడ లోపల రంగురంగుల ఇళ్ళు, కిందికి దిగితే ఇసుక, పడవలు. సిరియం కూడా ఒకప్పుడు పెద్ద రేవుపట్నమే. పోర్చుగీసువాళ్ళు ఇక్కడ కట్టుకున్న చర్చికి ఇప్పుడు కప్పు లేదు, మొండిగోడలే మిగిలాయి. ఆ గోడల్ని చూసి, తన ఊరు గుర్తొచ్చి, దొరసాని ఇక్కడ ఇల్లు కట్టించిందని చెప్పుకునేవారు. భర్త పోయాక ఆమె రంగూన్‌లో ఉంటూ పిల్లలకి పియానో నేర్పేది. బంగళాని సెలవులకి వచ్చేవాళ్ళకి ఇచ్చేది.

బంగళాని కనిపెట్టుకుని ఉండేది లోకనాథం, అతని పెళ్ళాం సింహాచలమ్మ. ఇద్దరిదీ భీమునిపట్నం దగ్గర పల్లె. లోకనాథం రంగూన్‌లో అహ్లోన్ బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. ఒక వానాకాలం బల్లమీంచి జారిపడి భుజం ఎముక తొలగింది. తరవాత బస్తా ఎత్తలేకపోయాడు. ఎవరో చెబితే ఈ బంగళాకి వచ్చారు. పనిలో పెట్టుకునేముందు ప్రైస్ దొరసాని తనకొచ్చిన హిందూస్తానీలో ఒక్కటే అడిగింది.

"నీ భార్యకి కుక్కలంటే ఇష్టమేనా?"

సింహాచలమ్మ నోరు తెరిచేలోపే లోకనాథం అందుకున్నాడు. కుక్కలంటే ఆమెకి ప్రాణమని, ఊళ్ళో మూడు కుక్కల్ని సాకిందని చెప్పేశాడు.

సింహాచలమ్మ తల వంచుకుంది. ఊళ్ళో ఆమె కుక్కని సాకలేదు సరికదా, కుక్క ఎదురైతే సందు మారేది. ఆమెకి తొమ్మిదేళ్ళప్పుడు అన్న అచ్చెన్నని రేవులో ఓ కుక్క కరిచింది. పసరు కట్టారు, మంత్రం వేయించారు, పుండు మానిపోయింది. అందరూ మరిచిపోయాక ఒకరోజు పొద్దున అచ్చెన్న చెంబెడు నీళ్ళు నోటిదాకా తీసుకెళ్ళి విసిరికొట్టాడు. ఆ తరవాత అతన్ని పాకలో పెట్టి తలుపు బిగించారు. లోపలినుంచి వచ్చిన కేకలు ఆమె చెవుల్లోంచి ఎన్నడూ పోలేదు. ఆ సంగతి ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మొగుడికి కూడా, అన్న జ్వరంతో పోయాడనే చెప్పింది.

బంగళాలో చేరాక ఆమె తన భయాన్ని పనిలో దాచుకుంది. కుక్కల గిన్నెలు పొడుగాటి కర్రతో ముందుకి తోసేది. అవి దగ్గరికొస్తే చీపురు అడ్డం పెట్టుకుని ఊడుస్తున్నట్టు నటించేది. రెండేళ్ళు గడిచాయి. చిన్నతల్లి పుట్టింది. పిల్ల పుట్టాక ఆమె భయం రెండింతలైంది. వంటింటి వెనక గదిలో ఉయ్యాల కట్టి, ఎవరు కుక్కతో దిగినా ఆ తలుపు మూసి ఉంచేది.

వానలు వెనకబట్టాక అహ్లోన్ మిల్లు మేనేజరు లోగన్ దొర పెళ్ళాంతో కలిసి వచ్చాడు. వాళ్ళ కుక్క పేరు బ్రాండీ. గోధుమరంగు మచ్చలు, నేలకి వేలాడే చెవులు. ఆ పేరు వినగానే లోకనాథం పడీ పడీ నవ్వాడు. ఉన్నన్నాళ్ళూ అది ఎవరి జోలికీ పోలేదు. పొద్దున్నే దొరతో మొండిగోడల చర్చిదాకా నడిచి వచ్చేది, మధ్యాహ్నం వసారాలో నిద్రపోయేది.

చివరిరోజు మాత్రం అది తిండి ముట్టలేదు. వసారా మూల తల వేలాడేసుకుని నిలబడింది. నోట్లోంచి చొంగ తీగలుగా సాగి నేలమీద మడుగు కట్టింది. మూతిని నేలకేసి రాసుకుంటోంది. లోగన్ దొరసాని సామాను కట్టే హడావుడిలో ఉంది. లాంచీ కూత వినిపించగానే, కుక్కకి గొలుసు తగిలించి తెమ్మని లోపలినుంచి కేకేసింది. లోకనాథం పెట్టెలు మోసుకుని రేవుకి పోయాడు. సింహాచలమ్మ గొలుసు పట్టుకుని, ఊపిరి బిగబట్టి వంగింది. చెయ్యి దాని దవడకి తగిలిందో లేదో, గుర్రుమని ఒక్కసారి అందుకుంది. బొటనవేలి కింద రెండు గాట్లు పడ్డాయి. అరుపు రాబోతే కొంగు నోట్లో కుక్కుకుంది. దొరసాని వచ్చేసరికి చెయ్యి కొంగులో చుట్టేసి ఉంది. దొరసాని కుక్కని తీసుకుని, బహుమానంగా ఏదో చేతిలో పెట్టి, నవ్వుతూ వెళ్ళిపోయింది.

ఆమె పరుగున నూతిదగ్గరికి పోయి చెయ్యి కడిగింది. పసుపు అద్దింది. లోకనాథం వచ్చి ఏమైందంటే, మేకు గీరుకుందని చెప్పింది. కుక్క కరిచిందంటే ముందు మొగుడి అబద్ధం బయటపడుతుంది. తరవాత పని పోతుంది. ఆ భుజంతో అతను మళ్ళీ మిల్లుకి పోవాలి. ఇదంతా ఒకవైపు. ఆ చొంగ ఒకవైపు. అన్నని కరిచిన కుక్కకి కూడా అలాగే కారిందని అప్పట్లో చూసినవాళ్ళు చెప్పుకున్నారు.

మర్నాడు పొద్దున్నే లేచి మొదట చేసిన పని, చెంబుతో నీళ్ళు ముంచుకుని తాగడం. గుటక దిగింది. కాసేపాగి మళ్ళీ తాగింది. ఆ పూటంతా పని మధ్యలో వచ్చి నీళ్ళు తాగుతూనే ఉంది. గొంతులో ఏదో అడ్డుపడినట్టుంటే గుండె గబగబా కొట్టుకునేది. అది భయం వల్లో, విషం వల్లో ఆమెకి తెలియలేదు.

అన్నిటికంటే పెద్ద బెంగ చిన్నతల్లి. పిల్ల ఇంకా చనుబాలే తాగుతోంది. రక్తంలో విషముంటే పాలలో ఉండదా? ఆ ఆలోచన వచ్చిన క్షణం నుంచి ఆమె పిల్లకి పాలివ్వడం మానేసింది. ఆవుపాలు కాచి ఉగ్గుగిన్నెతో పోస్తే పిల్ల కక్కేసింది. గుక్కపట్టి ఏడుస్తూ తల్లి రవికని పీకింది. సింహాచలమ్మ పిల్లని చాపమీద పడుకోబెట్టి, బయటికి పోయి గోడకి ఆనుకుని తనూ ఏడ్చింది. పాలు గడ్డకట్టి రొమ్ములు సలుపుతున్నాయి. రవిక తడిసిపోతోంది.

"ఏటే నీకు? గుంట అలగేడుస్తుంటే పాలియ్యవేటి?" అన్నాడు లోకనాథం.

"రొమ్ము నొప్పి మావా. తగ్గాక ఇత్తాను."

"నొప్పయితే ఆసుపత్రికెల్దాం రా."

"వొద్దొద్దు. తగ్గిపోద్ది."

అతను నమ్మలేదు. నమ్మలేదని ఆమెకీ తెలుసు.

పక్క తోటలో డో మ్యా అనే బర్మా పెద్దావిడ ఉండేది. తమలపాకులు పండించేది. పిల్ల ఏడుపు ఆగకపోయేసరికి రెండోరోజో మూడోరోజో కంచె దాటి వచ్చింది. పిల్లని ఎత్తుకుని, తల్లి ముఖం చూసి, ఏమీ అడక్కుండానే ఆమె చెయ్యి పట్టుకుని కొంగు విప్పింది. గాయం చుట్టూ ఎర్రగా వాచి ఉంది. పళ్ళ గాట్లు పళ్ళ గాట్లలాగే ఉన్నాయి. వచ్చీరాని బర్మా మాటల్లో సింహాచలమ్మ అంతా చెప్పేసింది. ఇన్నేళ్ళుగా కడుపులో పెట్టుకున్నది కూడా చెప్పేసింది.

డో మ్యా కంగారు పడలేదు. ఆ కుక్క ఇప్పుడెలా ఉందో ముందు తెలుసుకోమంది. పిచ్చిపట్టిన కుక్క వారం పైన బతకదని, అది తింటూ తిరుగుతూ ఉంటే ఈమెకి ఏ భయమూ లేదని, లేకపోతే ఒక్క పూట కూడా ఆలస్యం చెయ్యకుండా రంగూన్ ఆస్పత్రిలో సూదులు వేయించుకోవాలని చెప్పింది. చెప్పి, తనే వెళ్ళి తోటలో తవ్వుకుంటున్న లోకనాథాన్ని పిలుచుకొచ్చింది.

అతను గాయం చూశాడు.

"మేకన్నావు కదే."

"నాను భయపడిపోనాను మావా. మా అన్న జొరంతో పోనేదు. కుక్క కరిసి పోనాడు. నాను తలుపు సందులోంచి సూసేను."

లోకనాథం కింద కూలబడ్డాడు. "కుక్కలంటే పేణమని నానే కదేటే చెప్పినాను ఆ దొరసానికి. నిన్నడగనైనా అడగనేదు." చేతిలో ఉన్న గునపం పక్కన పెట్టి లేచాడు. "పద. గుంటని తీసుకో. లాంచీ దొరికితే లాంచీ, నేకపోతే సంపాను పడవ."

లాంచీ అప్పుడే వెళ్ళిపోయింది. చిట్టగాంగ్ పడవవాడి సంపాను మాట్లాడుకున్నారు. పోటు ఎదురొచ్చి పడవ నడినదిలో ఊగుతుంటే, చుట్టూ అంత నీరు చూసి సింహాచలమ్మకి ఒళ్ళు జలదరించింది. వెంటనే ఇంకో భయం పట్టుకుంది. నీళ్ళు చూస్తే జలదరింపు ఎందుకొచ్చింది? చెయ్యి ముంచి దోసిలి పట్టి, ఆ బురదనీళ్ళే గుటక వేసింది. దిగాయి. లోకనాథం చూసి ముఖం తిప్పుకున్నాడు. చిన్నతల్లి ఏడ్చి ఏడ్చి అతని భుజంమీద సొమ్మసిల్లినట్టు పడుకుంది.

అహ్లోన్‌లో లోగన్ దొర ఇల్లు మిల్లుకి దగ్గరే. వెనక గుమ్మం దగ్గర బట్లరు యాకోబు కత్తులు తోముతున్నాడు. విశాఖపట్నం వైపు క్రైస్తవుడు. లోకనాథం మిల్లులో ఉన్నప్పటి నుంచి ఎరిగినవాడు.

"ఏటప్పా, పిల్లతో ఇలగొచ్చేరు?" అన్నాడు.

"మీ కుక్కెలగుంది బాబూ?" అంది సింహాచలమ్మ.

యాకోబు తోముతున్న కత్తి ఆపాడు. "అదా? అయిపోనాది దాని పని. అక్కడినుంచొచ్చిన కాడినుంచి తిండి నేదు. ఒకటే సొంగ. నిన్న అమ్మగారి చెయ్యి పట్టబోయింది. గుర్రపుశాలలో కట్టీసేము. దొరగారు తుపాకీ తెస్తానని మిల్లుకెళ్ళేరు. వచ్చీగానే కాల్చేస్తారు."

ఆమె అరుగుమీద చతికిలబడింది. కన్ను మూస్తే అన్నని పెట్టి మూసిన పాక కనిపిస్తోంది. తెరిస్తే గుర్రపుశాల తలుపు కనిపిస్తోంది. లోకనాథం యాకోబుని పక్కకి తీసుకెళ్ళి సంగతి చెప్పాడు. యాకోబు ముఖం పాలిపోయింది.

అంతలో గుర్రబ్బండి చప్పుడైంది. లోగన్ దొర దిగాడు. చేతిలో తుపాకీ ఉంది. ముఖం ఎర్రగా ఉంది. ఎవరివైపూ చూడకుండా గుర్రపుశాలవైపు నడిచాడు. లోకనాథం రెండు చేతులూ జోడించి ఎదురెళ్ళాడు. దొర అతన్ని దాటి వెళ్ళిపోయాడు.

సింహాచలమ్మ ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. వెళ్ళి గుర్రపుశాల తలుపుకి అడ్డంగా నిలబడింది. వీపు వెనక, చెక్కకి అవతల, కుక్క గసపెట్టడం వినిపిస్తోంది. కట్టు విప్పి చెయ్యి ముందుకి చాపింది.

"యాకోబూ, సెప్పు. ఈ కుక్క నన్ను కరిసిందని సెప్పు. ఇది బతుకుతాదో నేదో తెలిస్తేనే నాను బతుకుతానో నేదో తెలుస్తాది. సంపొద్దని సెప్పు. కాలు మొక్కుతానని సెప్పు."

యాకోబు తడబడుతూ ఇంగ్లీషులో చెప్పాడు. దొర ఆ చేతివైపు చూశాడు. ఎక్కడ కరిచింది, ఎప్పుడు కరిచింది, ఎందుకు చెప్పలేదు అని వరసగా అడిగాడు. దొరసాని బయటికి వచ్చి ఆ గాయం చూసి చేత్తో నోరు కప్పుకుంది. దొర తుపాకీ మడిచి తూటాలు తీసి జేబులో వేసుకున్నాడు. పశువుల డాక్టరుకి కబురు పంపించమన్నాడు.

ఆ డాక్టరు వచ్చేదాకా గడిచిన పొద్దు ఎంత పొడుగో ఆమె తరవాత ఎన్నోసార్లు చెప్పుకుంది. యాకోబు పెళ్ళాం మరియ టీ తెచ్చి ఇచ్చింది. చిన్నతల్లి లేచి మళ్ళీ ఏడుపు లంకించుకుంది. మరియ గంజి పట్టబోతే పిల్ల చేత్తో తోసేసి తల్లివైపే ఒరిగింది. సింహాచలమ్మ అటు తిరిగి కూర్చుంది.

వచ్చిన డాక్టరు బెంగాలీ ఆయన. తలుపు సందులోంచి చాలాసేపు చూశాడు. నీళ్ళ తొట్టి ఒకటి లోపలికి తోయించాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. కుక్క లేచి, తూలుకుంటూ వచ్చి, తొట్టిలో మూతి పెట్టింది. తాగబోయింది. నీళ్ళు నోటి పక్కనుంచి కారిపోయాయి. అయినా మళ్ళీ మూతి పెట్టింది. డాక్టరు తలపంకించి, తోలు చేతిజోళ్ళు వేసుకుని, గుర్రాలు చూసే ఇద్దరు సైసుల్ని గోనెలతో లోపలికి రమ్మన్నాడు. తలుపు మూసుకుంది. లోపల పెనుగులాట, ఒక పెద్ద అరుపు, ఆ తరవాత ఏమీ లేదు.

కుక్క చచ్చిపోయిందనుకుంది సింహాచలమ్మ. లోకనాథం చెయ్యి గట్టిగా పట్టుకుంది.

డాక్టరు పట్టకారుతో ఏదో పట్టుకుని బయటికి వచ్చాడు. వేలెడు ఎముక ముక్క. కుక్క పై పళ్ళ మధ్య అడ్డంగా ఇరుక్కుని, చుట్టూ చిగురంతా చీముపట్టి ఉందట. అందుకే ఆ చొంగ, అందుకే ఆ కోపం. మూతి ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి. లోగన్ దొరసాని ఏడుస్తూ మొగుణ్ణి పట్టుకుంది.

"అయితే పిచ్చి నేదా బాబూ?" అంది సింహాచలమ్మ.

యాకోబు అడిగి చెప్పాడు. "నేదనే అనుకుంటన్నారట. అయితే ఇప్పుడే కాయంగా సెప్పనేరట. ఇంకొన్నాళ్ళు కట్టేసి సూడాల. ఈలోగా నువ్వు ఆసుపత్రిలో సూదులు మొదలెట్టుకోవాలట. కుక్క బాగుంటే ఆపేత్తారు."

గుండెలో బరువు సగమే దిగింది. మిగిలిన సగంతోనే లోగన్ దొర బండిలో ఆస్పత్రికి వెళ్ళారు. అక్కడ ఒక డాక్టరమ్మ చెయ్యి కడిగి, పొట్టమీద పెద్ద సూది దించింది. సింహాచలమ్మ కళ్ళు మూసుకుని పళ్ళు బిగించింది. నొప్పికి కాదు ఆమె భయం. లేవబోతూ, సిగ్గు చంపుకుని, వెంట వచ్చిన మరియ చేత అడిగించింది. పిల్లకి పాలివ్వచ్చా?

డాక్టరమ్మ పిల్లవైపు చూసింది. ఎండిపోయిన పెదవులు, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు. ఎన్నాళ్ళయింది మానేసి అని అడిగింది. విని కసిరింది. పాలవల్ల పిల్లకేమీ కాదంది, ఇక్కడే కూర్చుని ఇప్పుడే ఇవ్వమంది.

సింహాచలమ్మకి చేతులు ఆడలేదు. ఇచ్చాక ఏదైనా అయితే? మరియ పక్కన కూర్చుని, "ఇయ్యప్పా, సదువుకున్న మనిషి సెప్తంది గదా" అని రెండుసార్లు అంది. లోకనాథం గుమ్మం అవతల గోడవైపు తిరిగి నిలబడ్డాడు. చివరికి ఆమె రవిక ముడి విప్పింది. పిల్ల ఒక్క ఉదుటున అందుకుంది. గడ్డకట్టిన పాలు దిగుతుంటే నొప్పికి ఆమె కళ్ళవెంట నీళ్ళు బొటబొటా రాలాయి. చిన్నతల్లి తాగుతూ తాగుతూ, మధ్యలో ఆగి వెక్కి, మళ్ళీ తాగింది.

యాకోబు ఇంటి వసారాలోనే వాళ్ళు కొన్నాళ్ళు ఉన్నారు. పొద్దున ఆస్పత్రికి పోవడం, రావడం, యాకోబు కోసం కాచుకుని కూర్చోవడం. అతను పెద్దింటినుంచి వస్తూ దూరంనుంచే చెయ్యి ఊపేవాడు. కుక్క పాలు తాగింది. అన్నం నాకింది. దొరని చూసి తోక ఆడించింది. ఒకరోజు అతను రావడం ఆలస్యమైంది. ఆమె లేచి రోడ్డుమీదికి పోయి ఎండలో నిలబడింది. చివరికి వచ్చి, మేకమాంసం కొనడానికి బజారుకి పోయానని, అది ఇవాళ మాంసం తిన్నదని, ఎముక తీసే పెట్టానని చెప్పాడు. ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. డాక్టరమ్మ ఇక సూదులు అక్కరలేదని చెప్పినరోజు కూడా ఆమె ఇంటికొచ్చి, ఎవరూ చూడకుండా నిండు చెంబు నీళ్ళు తాగి చూసుకుంది.

వాళ్ళు సిరియం చేరేసరికి ప్రైస్ దొరసాని వసారాలో కూర్చుని ఉంది. లోగన్‌వాళ్ళు అంతా చెప్పారని ముఖం చూస్తేనే తెలుస్తోంది. లోకనాథం మొదలుపెట్టబోయాడు. సింహాచలమ్మ అతన్ని ఆపి, తనకొచ్చిన నాలుగు హిందూస్తానీ మాటల్లో తనే చెప్పింది. నాకు కుక్కలంటే భయం. మొదటినుంచీ భయం. నా అన్న కుక్క కరిచి పోయాడు.

దొరసాని ఆమె చేతిమీది మచ్చ చూసింది. "మరి ఇన్నాళ్ళు ఎలా ఉన్నావు?" అంది.

"ఇల్లు బాగుందమ్మా" అంది సింహాచలమ్మ. అంతకంటే నిజమైన మాట ఆమెకి తోచలేదు.

దొరసాని లేచి వంటింటివైపు నడిచింది. ఉయ్యాల కట్టిన గది చూసింది, దాని తలుపు చూసింది. వెళ్ళిపొమ్మంటుందనే అనుకుంటూ సింహాచలమ్మ పిల్లని గుండెకి హత్తుకుని నిలబడింది. తిరిగొచ్చి దొరసాని లోకనాథంతో, వసారాకీ వంటింటికీ మధ్య నడుమెత్తున, గడియ పెట్టిన వెదురు తడక ఒకటి కట్టమంది. ఇకమీదట ఎవరి కుక్కకి వాళ్ళే తిండి పెట్టుకోవాలని, ఆ మాట వచ్చేవాళ్ళకి తనే ముందుగా చెబుతానని అంది. సింహాచలమ్మని ఏమీ అనలేదు. వెళ్ళేముందు మాత్రం పిల్ల బుగ్గ వేలితో తాకింది.

క్రిస్మస్‌కి లోగన్‌వాళ్ళు మళ్ళీ వచ్చారు. బ్రాండీ ఒళ్ళు చేసింది. లోగన్ దొరసాని ఒక స్వెట్టరు, చిన్నతల్లికి ఒక గౌను తెచ్చి సింహాచలమ్మకి ఇచ్చి, ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. మధ్యాహ్నం అందరూ చర్చి గోడలవైపు పోయాక, కుక్క తిరిగొచ్చి తడక అవతల నిలబడి లోపలికి చూసింది. తోక నెమ్మదిగా ఊపింది. సింహాచలమ్మ బియ్యం చెరుగుతున్నది ఆపి దానివైపు చూసింది. దాని నోరు పొడిగా ఉంది, కళ్ళు తేటగా ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్క అని ఆమెకి తెలుసు.

"బాగుండు నాయినా" అంది మెల్లగా. అయినా లేచి, తడక గడియ పడి ఉందో లేదో చేత్తో తోసి చూసుకుని, మళ్ళీ చేట అందుకుంది.